ప్రాణము కాపాడిన విమానము
(రేడియో ప్రసంగ పాఠము)

 పనులు ముగించుకొని రేడియో దగ్గర కూర్చున్నవారికి, వంట చేసుకుంటూనే చెవి ఇటు పెట్టిన తల్లులకు, ఆస్పత్రి మంచము మీద నుండి వింటున్నవారికి, రాత్రి డ్యూటీకి బయలుదేరబోతున్న సహోదరులకు, అందరికీ శుభములు.

ఈ దినము ఒక యుద్ధ విమానమును గురించి, దానిని నడిపిన కమాండరును గురించి మీతో మాట్లాడాలని ఆశపడుతున్నాను. బాంబులు వేసే విమానముతో మనకేమి పని అని అనుకోకండి. ఒక మనిషి ఒక వస్తువును ఎంతగా ప్రేమించగలడు? ఆ ప్రేమ ఎంతవరకు మంచిది? ఎక్కడ దాటితే అది మనలను మోసము చేస్తుంది? ఇది మన ఇంటి ప్రశ్నే. కొంచెము ఓపికగా వినండి.

ఆ కమాండరు పేరు రాబర్ట్ మోర్గాన్. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రములో, ఆష్‌విల్ అనే ఊరిలో 1918 జూలై 31న పుట్టాడు. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చింది. 1942లో, 24 ఏళ్ల వయసులో, అతని చేతికి ఒక కొత్త బి-17 బాంబరు విమానమును అప్పగించారు. నాలుగు ఇంజన్లు, పది మంది సిబ్బంది. ఆ విమానములను జనము ఎగిరే కోటలు అని పిలిచేవారు.

మోర్గాన్‌కు ఆ రోజుల్లో ఒక అమ్మాయితో పరిచయమైంది. ఆమె పేరు మార్గరెట్ పోక్. టెన్నెసీ రాష్ట్రములోని మెంఫిస్ ఆమె ఊరు. ఇద్దరూ పెళ్లి చేసుకోవాలనుకున్నారు. సముద్రము దాటి యుద్ధానికి వెళ్లేముందు అతడు తన విమానానికి ఆమె జ్ఞాపకార్థము ఒక పేరు పెట్టుకున్నాడు. "మెంఫిస్ బెల్." మెంఫిస్ సుందరి అని అర్థము. విమానము ముక్కు మీద పేరు రాయించి, పక్కన ఒక అమ్మాయి బొమ్మ కూడా వేయించారు.

ఇందులో వింత ఏమీ లేదు. మన లారీ డ్రైవర్లను చూడండి. లారీ ముందు భాగమున కూతురి పేరో, కొడుకు పేరో రాయించుకుంటారు. దూర ప్రయాణము చేసేవాడు, తిరిగి వస్తానో రానో తెలియనివాడు, ఇంటివారి పేరు కళ్లెదుట పెట్టుకుంటాడు. మోర్గాన్ చేసినదీ అదే.

విమానము ఇంగ్లండు చేరింది. బాసింగ్‌బోర్న్ అనే ఊరి దగ్గర, 91వ బాంబర్ గ్రూపుతో కలిసి పని మొదలుపెట్టింది. 1942 నవంబరు 7న మొదటి దాడి. జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్సు దేశపు ఓడరేవులు, జలాంతర్గాముల స్థావరాలు, ఆ తరువాత జర్మనీ లోపలి పట్టణములు. రాత్రి చీకటి చాటున కాదు, పట్టపగలే వెళ్లేవారు.

ఆ ప్రయాణము ఎలాంటిదో ఒక్కసారి ఊహించండి. మనము ఎక్కే ప్రయాణీకుల విమానములా తలుపులు బిగించి, లోపల వెచ్చగా ఉండే విమానము కాదది. నడుము భాగమున రెండు పక్కలా కిటికీలు తెరిచే ఉండేవి, అక్కడ తుపాకులు పట్టుకొని మనుషులు నిలబడేవారు. వేల అడుగుల ఎత్తు. సున్నాకు ఎంతో దిగువన చలి. చేతి తొడుగు తీసి లోహమును ముట్టుకుంటే చర్మము అతుక్కుపోయేది. ముఖానికి ప్రాణవాయువు గొట్టము. అది గడ్డకట్టి మూసుకుపోతే కొద్ది నిమిషములలో స్పృహ పోయేది. కింద నుండి ఫిరంగులు, ఎదుట నుండి శత్రు విమానములు. అలాంటి దాడులు 25 పూర్తి చేసినవారికి ఇంటికి వెళ్లే సెలవు. వినడానికి 25 చిన్న సంఖ్యే. అయితే ఆ సంఖ్య చేరకముందే ఎందరో రాలిపోయారు. అమెరికా ఎనిమిదవ వైమానిక దళములోని భారీ బాంబర్ గ్రూపులన్నిటిలో, యుద్ధము ముగిసేసరికి ఎక్కువ విమానములను పోగొట్టుకున్నది ఈ 91వ గ్రూపే.

ప్రియులారా, అలాంటి చోట, పోయిన ప్రతిసారీ తిరిగి తెచ్చిన విమానము మీద మనిషికి మమకారము పుట్టదా? రెక్కలకు చిల్లులు పడి వచ్చింది. తోక దెబ్బతిని వచ్చింది. ఇంజను ఆగిపోయి వచ్చింది. వచ్చింది మాత్రము వచ్చింది. ఆ పది మందినీ సజీవముగా నేల మీద దించింది. అటువంటి దానిని ఉత్త ఇనుము, అల్యూమినియము అని ఎవడనగలడు? మోర్గాన్ తన జీవితమంతా ఆ విమానమును ప్రాణమున్న మనిషిని తలచుకున్నట్లే తలచుకున్నాడు. ఆయనను మనము తప్పు పట్టనక్కరలేదు. మేలు చేసినదానిని మరచిపోనివాడు మంచివాడే.

అయితే ఆ మేలు ఎవరి చేతుల మీదుగా వచ్చింది? ఇక్కడ మనము మూడు సంగతులు ధ్యానము చేయాలి.

మొదటిది. ఆ విమానము తనంతట తాను తిరిగి రాలేదు.

దాడి ముగించుకొని విమానము దిగేది. పది మంది దిగి, వేడి కాఫీ తాగి, జరిగినదంతా అధికారులకు చెప్పి, నిద్రకు వెళ్లేవారు. అప్పుడు మొదలయ్యేది ఇంకొందరి పని. నేల మీద ఉండే మెకానిక్కులు. వారు ఉదయము నుండి ఆకాశము వైపు చూస్తూ, తిరిగి వచ్చే విమానములను లెక్కపెట్టుకుంటూ ఉండేవారు. తమది కనబడితే ఊపిరి పీల్చుకునేవారు. ఆ తరువాత రాత్రంతా, ఇంగ్లండు చలిలో, వానలో, ఆరుబయట నిచ్చెనలు వేసుకొని చిల్లులు పూడ్చేవారు. మెంఫిస్ బెల్‌కు ఒకటి రెండు సార్లు కాదు, పలుమార్లు ఇంజన్లు మార్చారు. రెక్కలు మార్చారు. తోక మార్చారు. ఆలోచించండి. మొదట సియాటిల్ నగరములోని కర్మాగారము నుండి బయటికి వచ్చిన విమానములో ఎన్నో భాగాలు మారిపోయాయి. మరి మోర్గాన్ ప్రేమించిన ఆ విమానము ఏది? పేరు అదే. బొమ్మ అదే. దానిని నిలబెట్టినది మాత్రము నూనె మరకల చేతులు.

మెడల్ కమాండరు ఛాతీ మీద పెడతారు. ఫొటో పది మందికి తీస్తారు. రాత్రంతా మేలుకొని నట్లు బిగించినవాడు ఫొటో అంచున కూడా కనబడడు. మన ఇళ్లలో కూడా ఇంతే కదా! "ఈ ఇల్లు నన్ను కాపాడింది, ఈ పొలము నన్ను నిలబెట్టింది, ఈ దుకాణము నాకు అన్నము పెట్టింది" అంటాము. ఇల్లు తనంతట తాను నిలబడదు. తెల్లవారకముందే లేచిన ఒక భార్య ఉన్నది. చదువు మానుకొని తమ్ముణ్ణి చదివించిన ఒక అక్క ఉన్నది. జీతము ఆలస్యమైనా పని మానని ఒక పాలేరు ఉన్నాడు. వస్తువుకు పేరు పెట్టి పిలిచే మనము, ఆ మనుషులను పేరు పెట్టి పిలిచి కృతజ్ఞత చెప్పి ఎన్నాళ్లయింది?

రెండవది. పేరు నిలిచింది, అనుబంధము నిలువలేదు.

1943 మే 17న మోర్గాన్ తన 25వ దాడి పూర్తి చేశాడు. ఫ్రాన్సులోని లోరియాన్ ఓడరేవు మీదికి వెళ్లి వచ్చాడు. ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించండి. అది మోర్గాన్‌కు 25వది గాని విమానానికి కాదు. విమానము మరమ్మతులో ఉన్నప్పుడు అతడు వేరే విమానములలో వెళ్లాడు. అతడు వెళ్లనప్పుడు వేరే సిబ్బంది దానిని నడిపారు. విమానానికి 25వ దాడి రెండు రోజుల తరువాత, మే 19న, వేరే సిబ్బంది చేతిలో జరిగింది. మనది అనుకున్న వస్తువు ఎప్పుడూ పూర్తిగా మనది కాదు. ఇతరుల చేతులు కూడా దాని మీద ఉంటాయి.

ఆ జూన్ నెలలో విమానము, సిబ్బంది అమెరికాకు తిరిగి వెళ్లారు. యుద్ధానికి బాండ్లు అమ్మడము కోసము, కర్మాగారాలలో పనివారికి ధైర్యము చెప్పడము కోసము, ఊరూరా తిరిగారు. జనము తండోపతండములుగా వచ్చారు. మెంఫిస్ నగరములో మార్గరెట్ ఎదురు వచ్చింది. పత్రికలన్నీ వారిద్దరి ఫొటోలే వేశాయి. దేశమంతా ఆ పెళ్లి కోసము ఎదురుచూసింది. ఆ పెళ్లి జరుగలేదు. ఆ ఊరేగింపుల హడావుడిలోనే, కొద్ది నెలలలో నిశ్చితార్థము తెగిపోయింది.

ఎవరిది తప్పు అని మనము విచారించవద్దు. అది మన పని కాదు. ఒక్కటి మాత్రము చూడండి. విమానము మీద పేరు చెరిగిపోలేదు. ఆ పేరు పుట్టించిన అనుబంధము మాత్రము చెరిగిపోయింది. ఫిరంగి గుండ్లకు ఓర్చుకొన్నది, పూలదండలకు ఓర్చుకోలేకపోయింది. కష్టములో ఒకటిగా ఉండి, కొంచెము పేరు, కొంచెము డబ్బు రాగానే విడిపోయిన కుటుంబములు మన మధ్య లేవా? గుమ్మము మీద తల్లిదండ్రుల పేరు పాలరాతిలో చెక్కించి ఉంటుంది. ఆ తల్లిదండ్రులు ఎక్కడ ఉన్నారని అడిగితే జవాబు ఉండదు. రాతి మీద పేరు చెక్కించడము సులువు. మనిషి పక్కన కూర్చోవడము కష్టము.

మోర్గాన్ తరువాత వేరొకామెను పెళ్లి చేసుకున్నాడు. మళ్లీ యుద్ధానికి వెళ్లాడు, ఈసారి పసిఫిక్ మహాసముద్రము వైపు. అంతకన్న పెద్దదైన బి-29 విమానము ఇచ్చారు. దానికి భార్య పేరు కలిసి వచ్చేలా "డాంట్‌లెస్ డాటీ" అని పేరు పెట్టాడు. 1944 నవంబరు 24న సైపాన్ ద్వీపము నుండి టోక్యో మీదికి వెళ్లిన బి-29ల మొదటి దాడికి ముందు నడిచినది ఆ విమానమే. ఆ డాటీ ఏమైంది? 1945 జూన్‌లో, వేరే సిబ్బందితో ఇంటికి తిరిగి వెళ్తూ, క్వాజలీన్ దీవి దగ్గర సముద్రములో కూలిపోయింది. అందులో ఉన్నవారిలో ఎక్కువమంది చనిపోయారు. చూశారా! ఒకే కమాండరు, ప్రేమతో పేరు పెట్టిన రెండు విమానములు. ఒకటి ఈనాటికీ నిలిచి ఉన్నది. ఇంకొకటి సముద్రగర్భములో ఉన్నది. ప్రాణము విమానములో ఉందా? పేరులో ఉందా? లేదు ప్రియులారా.

మూడవది. ఇది అన్నిటికన్న బరువైన మాట. ఆ విమానము లోపల ఉన్నవారిని కాపాడింది. దాని కింద ఉన్నవారి మాటేమిటి?

లోరియాన్ అనే ఊరిని తలచుకోండి. జర్మన్ జలాంతర్గాములకు అక్కడ గట్టి కాంక్రీటు స్థావరాలు ఉండేవి. వాటిని కొట్టాలని మిత్రదేశాల విమానములు మళ్లీ మళ్లీ వచ్చాయి. 1943 ఆరంభములో ఆ ఊరు దాదాపు నేలమట్టమైంది. ఇళ్లు పోయాయి, వీధులు పోయాయి. కాంక్రీటు స్థావరాలు మాత్రము నిలిచాయి. అవి ఈనాటికీ ఉన్నాయి.

నాజీల దుర్మార్గమును ఎదిరించడము అవసరమే. ఆ యువకులు ప్రాణాలకు తెగించి వెళ్లకపోతే ఎన్ని దేశములు బానిసత్వములో మిగిలిపోయేవో! దానిని మనము తక్కువ చేయకూడదు. అయినా, మన వైపు న్యాయము ఉన్నంతమాత్రాన, కింద ఏడ్చిన పసిబిడ్డ ఏడుపు ఏడుపు కాకుండా పోదు. ఇంకొక కమాండరు ఉన్నాడు, పాల్ టిబెట్స్. ఆయన తన విమానానికి తన కన్నతల్లి పేరు పెట్టుకున్నాడు. "ఎనోలా గే." 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు వేసినది ఆ తల్లి పేరు మోసిన విమానమే. తల్లి మీద ప్రేమ నిజమైనదే. కింద ఆ ఉదయము పిల్లలకు అన్నము వడ్డిస్తున్న తల్లులు కూడా నిజమైనవారే. మనము ప్రేమించే వస్తువు మీద ఎంత ముద్దు పేరు రాసుకున్నా, అది చేసే పని మారదు.

కనుక మనము ప్రేమించేదానిని గురించి ఒక ప్రశ్న వేసుకోవాలి. నాకు మేలు చేసేది ఇతరులకు ఏమి చేస్తున్నది? నా ఇంటికి అన్నము పెట్టే వ్యాపారము పక్కింటివాని కడుపు కొడుతున్నదా? నా బిడ్డ పేరు పెట్టుకున్న బండి తాగిన మత్తులో నడిచి, ఇంకొకరి బిడ్డను రోడ్డు మీద పడవేస్తున్నదా? ఆలోచించండి.

ఇక ఆ విమానము సంగతి. యుద్ధము ముగిసింది. వేలకొలది విమానములు ఎవరికీ అక్కరలేకుండా పోయాయి. 1945లో మెంఫిస్ బెల్ ఓక్లహోమాలోని ఆల్టస్‌లో, తుక్కు కింద కరిగించబోయే విమానముల మధ్య నిలబడి ఉన్నది. మెంఫిస్ నగరము వారు 350 డాలర్లు ఇచ్చి దానిని కొనుక్కున్నారు. తెచ్చారు గాని ఆ తరువాత పట్టించుకున్నవారు తక్కువ. ఎన్నో సంవత్సరములు ఎండలో, వానలో ఆరుబయట నిలిచింది. వచ్చినవారు జ్ఞాపకానికని ఒక్కొక్క భాగము ఊడదీసుకొని పోయారు. తరువాత కొందరు స్వచ్ఛందముగా పూనుకొని బాగుచేశారు. 1987లో దానికి ఒక పందిరి కట్టారు. 1992లో, 74 ఏళ్ల వయసులో, మోర్గాన్ ఆ విమానము ఎదుటనే మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ పెళ్లికి తోడుపెళ్లికొడుకుగా నిలబడినది ఎవరో తెలుసా? ఇందాక చెప్పిన టిబెట్స్. 2004 మే నెలలో మోర్గాన్ చనిపోయాడు. 2005లో విమానమును ఒహాయోలోని డేటన్‌లో ఉన్న వైమానిక దళ మ్యూజియముకు తరలించారు. పదమూడేళ్లు మరమ్మతు చేసి, 2018 మే 17న, ఆయన 25వ దాడికి సరిగ్గా 75 ఏళ్లు నిండిన దినమున, ప్రజలకు చూపించారు. దానిని అంత ప్రేమించిన కమాండరు ఆ దినము చూడలేదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. 25 దాడులు మొదట పూర్తి చేసిన విమానము మెంఫిస్ బెల్ కాదు. దానికన్న ముందే "హాట్ స్టఫ్" అనే విమానము ఆ లెక్క దాటింది. అది ఇంటికి వెళ్తూ 1943 మే 3న ఐస్‌లాండులో కొండను ఢీకొంది. ఒక్కడు తప్ప అందరూ పోయారు. "హెల్స్ ఏంజెల్స్" అనే మరొక బి-17 కూడా కొద్ది రోజుల ముందే పూర్తి చేసింది. తరువాత దానిని తుక్కుకు అమ్మివేశారు. మెంఫిస్ బెల్ మీద సినిమా తీశారు, గనుక లోకము దానిని జ్ఞాపకము ఉంచుకున్నది. లోకము జ్ఞాపకము ఉంచుకోవడము వేరు, నిజముగా జరిగినది వేరు. ఎవరూ సినిమా తీయని నమ్మకస్థులు ఈ భూమి మీద చాలామంది ఉన్నారు. మీలో కొందరు అలాంటివారే. అధైర్యపడవద్దు.

బైబిలులో ఇటువంటి సంగతి ఒకటి ఉన్నది. సంఖ్యాకాండము 21వ అధ్యాయములో చదువుతాము. అరణ్యములో పాముకాటుకు చనిపోతున్న జనము కోసము మోషే ఒక ఇత్తడి సర్పమును చేయించి స్తంభము మీద పెట్టాడు. దానిని చూచినవారు బ్రతికారు. మంచిదే. వందల ఏళ్లు గడిచాయి. రాజుల రెండవ గ్రంథము 18వ అధ్యాయము తీసి చూడండి. జనము ఆ ఇత్తడి సర్పమునకే ధూపము వేస్తున్నారు. అప్పుడు హిజ్కియా రాజు దానిని ముక్కలు చేశాడు. దానికి నెహుష్టాను అనే పేరు వచ్చింది. అది ఉత్త ఇత్తడి ముక్కే అన్నట్లు!

హిజ్కియా మోషేను అవమానపరచలేదు. బ్రతికించినవానిని మరచిపోయి బ్రతికించిన పరికరమును పట్టుకొని వేలాడవద్దని చెప్పాడు. అలాగని డేటన్‌లోని విమానమును పగులగొట్టమని నేను అనడము లేదు. దాని పక్కన నిలబడి, దానిని బాగుచేసిన చేతులను, తిరిగి రాని యువకులను, దాని కింద నలిగిపోయినవారిని, ముగ్గురినీ తలచుకొని తల వంచినవాడికి అది మేలే చేస్తుంది. ఆహా ఏమి విమానము అని మాత్రమే అని వెళ్లిపోయినవాడికి అది నెహుష్టాను.

ప్రియ సహోదరీ సహోదరులారా, మీ ఇంట్లో కూడా ప్రాణము కాపాడిన వస్తువు ఒకటి ఉండవచ్చు. నాన్నగారి సైకిలు కావచ్చు. అమ్మ కుట్టుమిషను కావచ్చు. కరువు కాలములో మీకు అన్నము పెట్టిన బావి కావచ్చు. దానిని శుభ్రముగా ఉంచుకోండి. పిల్లలకు చూపించండి. అయితే ఈ రాత్రి పడుకునేముందు, ఆ సైకిలు తొక్కిన మనిషి ఇంకా బ్రతికి ఉంటే, లేచి వారి దగ్గరికి వెళ్లండి. దూరమున ఉంటే ఫోను చేయండి. మాటలు లేక ఎన్నాళ్లయినా సరే, మీరే ముందు పలకరించండి. సైకిలు ఇంకో పదేళ్లు ఉంటుంది. ఆ మనిషి ఉంటారో ఉండరో మనకు తెలియదు.

వచ్చే వారము ఇదే సమయానికి మళ్లీ కలుసుకొందాము. అంతవరకు దేవుడు మిమ్మును, మీ ఇంటివారిని, మీకు మేలు చేసి మీరు మరచిపోయినవారిని కూడా దీవించి కాపాడును గాక. సెలవు.